సీఐలో ఎరుపు, ల్యాప్‌టాప్‌లో పచ్చ: ఏ టెస్టుకు ఏ మందు?

అనంతపురంలో మాది ఐదుగురి టీమ్. టమోటా మండీల్లో కమీషన్ దుకాణాలవాళ్లు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. జావా కోడు, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, పక్కన కొన్ని పైథాన్ స్క్రిప్టులు. కోడును తనంతట తానే పరీక్షించే ఆటోమేటెడ్ టెస్టులు తొమ్మిది వందల దాకా ఉన్నాయి. ఎవరైనా కోడు పుష్ చేయగానే, అంటే అందరి కోడూ ఉండే చోటికి పంపగానే, సీఐ (కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్) అనే ఏర్పాటు వాటన్నింటినీ వేరే మెషీన్‌లో నడుపుతుంది. పాసైతే పచ్చ, పడితే ఎరుపు. వాటిలో ఒక్కటి మమ్మల్ని రెండు నెలలు ఏడిపించింది.

అది 'ఈరోజు అమ్మకాల రిపోర్టు' టెస్టు. మా టీమ్‌లో ఒక కుర్రాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి పనిచేసే రకం. వాడు కోడు పుష్ చేసినప్పుడల్లా సీఐలో ఈ టెస్టు పడిపోయేది. మేం ఉగ్గాని, బజ్జీ తిని తొమ్మిదింటికి ఆఫీసుకొచ్చి రీరన్ నొక్కితే పాసయ్యేది.

"న్నా, నా ల్యాప్‌టాప్‌లో బాగానే పోతాంది. సీఐకే ఏదో అయింది" అనేవాడు.

"ఎన్విరాన్‌మెంట్ ప్రాబ్లమ్ లేప్పా, మళ్లీ రన్ చేయి" అనేవాణ్ని నేను.

సంగతేమిటంటే, మన టైము యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. సీఐ మెషీన్ నడిచేది యూటీసీలో. ఇక్కడ అర్ధరాత్రి తారీకు మారినా, తెల్లవారి 5:30 దాకా అక్కడ నిన్నటి తారీకే. బిల్లు మీద వేసే తారీకును మా జావా కోడు కోల్‌కతా టైమ్‌జోన్ ప్రకారం తీసుకుంటోంది. రిపోర్టు క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) మాత్రం 'ఈరోజు' ఏ తారీకో మైఎస్‌క్యూఎల్‌ను అడుగుతోంది. ల్యాప్‌టాప్‌లో రెండూ ఒకే గడియారం చూస్తాయి కాబట్టి పేచీ లేదు. సీఐలో నాలుగింటికి ఒకరు ఇరవయ్యో తారీకు అంటే ఇంకొకరు పంతొమ్మిది అంటారు. రిపోర్టులో సున్నా వస్తుంది.

ఒకరోజు మండీ నుంచి ఫోను. "సార్, తెల్లారుజామున వేసిన బిల్లులు రిపోర్టులో రావడం లేదు. ఐదున్నర దాటినాక వస్తాండాయి." వాళ్ల సర్వరు కూడా క్లౌడ్‌లో, యూటీసీలోనే ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు రెండు నెలలు సీఐని తిట్టాం. అది మాత్రం రోజూ నాలుగింటికి లేచి మా తప్పు మాకు చెబుతూనే ఉంది.

అప్పటినుంచి ఎన్విరాన్‌మెంట్ (టెస్టు నడిచే మెషీన్, దాని సెట్టింగులు) వల్ల టెస్టు పడిందని ఎవరన్నా అంటే నేను ముందు ఒక్కటే అడుగుతాను: ఆ తేడా కస్టమర్ దగ్గర కూడా ఉండగలదా? ఉండగలిగితే సరిచేయాల్సింది కోడును. ఉండదని తేలితే టెస్టును గానీ, అది నడిచే చోటును గానీ సరిచేయాలి. ఆ తేడా అసలు మన చేతిలో లేనిదైతే, అంటే వేరేవాళ్ల సర్వరో నెట్‌వర్కో అయితే, దాన్ని టెస్టు దారిలోంచి తప్పించాలి. కింద పోల్చిన దారులన్నింటినీ ఈ ప్రశ్న పక్కన పెట్టుకునే చూడండి. అది అడగకుండా ఏది ఎంచుకున్నా గుడ్డిగా వేసిన మందే.

జవాబు తెలియాలంటే ముందు ఆధారాలుండాలి. ప్రతి సీఐ రన్ మొదట్లో కొన్ని సంగతులు లాగ్‌లో ప్రింట్ చేయించండి: టైము, టైమ్‌జోన్, లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగు), జావా, పైథాన్, బ్రౌజర్ వెర్షన్లు, ఖాళీ డిస్కు, మెమరీ, సీపీయూల సంఖ్య. ఇది పది నిమిషాల పని. టెస్టు పడగానే రీరన్ నొక్కే అలవాటు ఉంటే, నొక్కేముందు లాగ్, స్క్రీన్‌షాట్ దాచుకోండి. మళ్లీ రన్ చేశాక సాక్ష్యం పోతుంది. ఆ తర్వాత అదే కమిట్‌ను (దాచిన కోడు రూపాన్ని) మార్పేమీ లేకుండా సీఐలో పదిసార్లు నడపండి. పదికి పది పడితే ఎన్విరాన్‌మెంట్‌లో స్థిరమైన తేడా ఉన్నట్టు. పదికి రెండు పడితే టైమింగో, పాత డేటానో, నెట్‌వర్కో. మాది మూడో రకం: పగలు పదికి సున్నా, తెల్లవారుజామున పదికి పది.

రీట్రై: ఐదు నిమిషాల పని

అందరూ ముందు పట్టుకునేది దీన్నే. కాన్ఫిగ్‌లో ఒక్క లైను, పడిన టెస్టు తనంతట తానే మళ్లీ నడుస్తుంది. ఎందుకంత ఆశ పుడుతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. వంద టెస్టులున్నాయి, ఒక్కోటి నూటికి ఒక్కసారి కారణం లేకుండా పడుతుంది అనుకుందాం. వందా ఒకేసారి పాసయ్యే అవకాశం 37 శాతం కంటే తక్కువ. అంటే ప్రతి మూడు బిల్డుల్లో దాదాపు రెండు ఎర్రగా వస్తాయి. ఒక్క రీట్రై పెడితే చాలు, వందకు ఒక బిల్డు మాత్రమే ఎర్రబడుతుంది. మంత్రం వేసినట్టే ఉంటుంది.

కాకపోతే ఈ లెక్కకు ఒక షరతు ఉంది. మొదటిసారి పడడానికి, రెండోసారి పడడానికి సంబంధం ఉండకూడదు. ఎన్విరాన్‌మెంట్ లోపాలకు ఆ షరతు వర్తించదు. తెల్లవారుజామున నాలుగింటికి మా టెస్టును మూడుసార్లు నడిపితే మూడుసార్లూ పడుతుంది. డిస్కు నిండినా అంతే, ఫాంట్ లేకపోయినా అంతే. రీట్రైకి లొంగేది టైమింగ్, నెట్‌వర్క్ రకమే. అక్కడ కూడా అది చేసేది చాలావరకు మసిపూసి మారేడుకాయ చేయడమే.

పెద్ద కంపెనీలు కూడా ఈ బాధ పడ్డాయి. తమ టెస్టుల్లో సుమారు 16 శాతానికి ఏదో ఒక స్థాయిలో ఈ నిలకడలేనితనం ఉందనీ, మొత్తం టెస్టు రన్‌లలో 1.5 శాతం దాకా ఇలాంటి ఫలితాలే వస్తున్నాయనీ గూగుల్ 2016లో రాసుకుంది. కాబట్టి మీ దగ్గర పది టెస్టులు ఇలా ఉన్నాయని సిగ్గుపడాల్సిన పనిలేదు. రీట్రై పెట్టుకోండి, కానీ మొత్తానికి కాదు, ఫలానా టెస్టుకని పేరుపెట్టి. రెండోసారికి పాసైన టెస్టుల జాబితా వారానికోసారి ఎవరో ఒకరి కంటపడాలి. ఆ జాబితా చూసేవాళ్లు లేకపోతే రీట్రై పెట్టనే వద్దు.

పక్కన పెట్టడం

పడే టెస్టును విడి గుంపులో వేసి, అది పడినా మెర్జ్ (మార్పులను అసలు కోడులో కలపడం) ఆగకుండా చేయడం. రేపు రిలీజ్ ఉంది, కారణం తేలలేదు, టీమంతా టెన్షన్‌లో ఉంది అంటే ఇదే మర్యాదైన దారి. రీట్రైలా ఇది అబద్ధం చెప్పదు. ఒక మనిషి పేరు, ఒక గడువు రాయండి. మేం రెండు వారాలు ఇస్తాం. గడువు దాటితే సరిచేస్తాం, లేదా తీసేస్తాం. గడువు రాయకపోతే అది అటకెక్కిన సామానే, మళ్లీ కిందికి దిగదు.

టెస్టునూ కోడునూ సరిచేయడం

నా ఓటు ఎక్కువసార్లు దీనికే. పూట నుంచి రోజు పడుతుంది. కొత్త టూలు అక్కర్లేదు, బిల్లు రాదు.

టైముది చెప్పాను. దానికి మందు జావా 8లోనే ఉంది. కోడు నేరుగా సిస్టమ్ టైము చూడకుండా క్లాక్ ఆబ్జెక్టును బయటి నుంచి తీసుకోవాలి. టెస్టులో ఆ క్లాక్‌ను ఒక ఘడియ దగ్గర ఆపేయొచ్చు. మేం రాత్రి రెండు గంటల దగ్గర ఆపాం. క్వెరీకి కూడా తారీకును మేమే పంపుతున్నాం, డేటాబేస్‌ను అడగడం మానేశాం. ఇప్పుడు ఆ టెస్టు ఏ వేళ నడిపినా తెల్లవారుజాము లోపాన్నే పరీక్షిస్తుంది.

ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) సంగతి తెలుగులో పనిచేసేవాళ్లకు ఇంకా ముఖ్యం. మా పైథాన్ స్క్రిప్టు ఒకటి ఊళ్ల పేర్లున్న టెక్స్ట్ ఫైలు చదువుతుంది. లినక్స్ సీఐలో టెస్టు పాస్, కొత్తగా చేరినమ్మాయి విండోస్ ల్యాప్‌టాప్‌లో ఫెయిల్. అదీ సగం ఫెయిల్: కర్నూలు, అనంతపురం పేర్ల దగ్గర ఎర్రర్ కొట్టి ఆగుతోంది, కడప ఒక్కటే ఉన్న ఫైలైతే ఆగకుండా పోతోంది. కడప వాళ్లదే అదృష్టం అని నవ్వుకున్నాం. తీరా లోపల చూస్తే దానికీ లెక్క ఉంది.

యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో ప్రతి తెలుగు అక్షర సంకేతానికీ మూడు బైట్లు. విండోస్‌లో పైథాన్ ఆ ఫైలును, మనం చెప్పకపోతే, సాధారణంగా 1252 అనే పాత పాశ్చాత్య కోడ్‌పేజీతో చదువుతుంది. ఆ పట్టికలో ఐదు బైట్లకు అర్థమే లేదు. 'కర్నూలు'లో పొల్లు గుర్తు చివరి బైటు హెక్సాలో (16 అంకెల లెక్కలో) 8డీ, 'అనంతపురం'లో కొమ్ము చివరి బైటు 81. రెండూ ఆ ఐదింటిలోవే, అందుకే ఎర్రర్. 'కడప'లో పొల్లూ లేదు, కొమ్మూ లేదు. దాని తొమ్మిది బైట్లకూ ఆ పట్టికలో ఏదో ఒక గుర్తు దొరుకుతుంది కాబట్టి ఎర్రర్ రాదు. కానీ లోపలికి పోయేది కడప కాదు, పిచ్చి గుర్తుల దండ. అంటే పడిన రెండు ఊళ్ల కంటే పాసైన ఊరే ప్రమాదం. ఫైలు తెరిచేచోట ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయడమే దీనికి మందు. పైథాన్ 3.15 నుంచి అదే డిఫాల్ట్ చేయాలని నిర్ణయించారు, కానీ మన కస్టమర్ల మెషీన్లలో పాత వెర్షన్లు ఇంకా ఏళ్ల తరబడి ఉంటాయి. ఇక్కడ కూడా మొదటి ప్రశ్న వేసుకోండి. కస్టమర్ దగ్గర విండోస్ ఉండగలదా? మండీలో ఉన్నదంతా విండోసే. కాబట్టి ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌ను తప్పుపట్టడానికి వీల్లేదు.

ఇలాంటివే ఇంకొన్ని, త్వరగా చెప్పేస్తాను. జావా 17 నుంచి 21కి మారితే '10:30' తర్వాత ఏఎమ్, పీఎమ్ ముందుండే ఖాళీ మారుతుంది. జావా 20లో వచ్చిన కొత్త లొకేల్ డేటా వల్ల అక్కడ మామూలు స్పేస్ బదులు సన్నటి, విడదీయరాని స్పేస్ వస్తుంది. కంటికి రెండూ ఒకటే, టెస్టుకు వేరు. లక్షను 1,00,000 అని కామాలు పెట్టి చూపే టెస్టు, జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ 12లో 100,000 అని వచ్చి పడొచ్చు. అప్పటి మామూలు బిల్డులో ఇంగ్లిష్ అమెరికా లొకేల్ డేటా మాత్రమే ఉండేది, పూర్తి డేటా 13 నుంచి వచ్చింది. విండోస్‌లో ఫైలు పేరు పెద్దక్షరాలైనా చిన్నక్షరాలైనా తెరుచుకుంటుంది, లినక్స్‌లో తెరుచుకోదు. టెస్టు సర్వరును 8080 పోర్టులోనే (పోర్టు అంటే నెట్‌వర్క్ తలుపు నంబరు) లేపాలని రాస్తే, ఆ పోర్టు ఇంకెవరైనా పట్టుకున్న రోజు పడుతుంది. పోర్టు సున్నా ఇస్తే ఆపరేటింగ్ సిస్టమే ఖాళీగా ఉన్నదాన్ని వెతికి ఇస్తుంది.

ఇక స్లీప్. 'మూడు సెకన్లు ఆగు, తర్వాత బటన్ చూడు' అని రాసిన టెస్టు మీ ల్యాప్‌టాప్ వేగాన్ని కొలిచి రాసినది. సీఐలో రెండే సీపీయూలుంటే మూడు సెకన్లు చాలవు. 2014లో అపాచీ అనే ఓపెన్ సోర్స్ సంస్థ ప్రాజెక్టుల్లో ఇలాంటి టెస్టుల సవరణలు 201 పరిశీలించిన ఒక పరిశోధనలో, కారణం తేలినవాటిలో 45 శాతం ఈ వేచి ఉండడం దగ్గర తప్పులే. ఆరు సెకన్లు చేయడం మందు కాదు. ఫలానాది కనిపించేదాకా, గరిష్ఠంగా ఇంతసేపు చూడు అని రాయాలి.

నకిలీ డేటాబేసా, నిజమైనదా

నకిలీది వేగంగా ఉంటుంది, ఎక్కడైనా నడుస్తుంది. మెమరీలో లేచే హెచ్2, ఎస్‌క్యూలైట్ లాంటి చిన్న డేటాబేస్ పెట్టుకుంటే తొమ్మిది వందల టెస్టులు రెండు నిమిషాల్లో అయిపోతాయి. మేం మొదట్లో అలాగే చేశాం. ఒకరోజు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన రైతు పేరు వెతకడంలో తేడా వచ్చింది. మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్‌గా పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఒకటిగానే చూస్తుంది. ఎస్‌క్యూలైట్ సమానత్వ గుర్తుకు రెండూ వేర్వేరు. టెస్టులో 'లేరు' అన్న రైతు మండీలో రెండుసార్లు దొరికాడు.

కాబట్టి నా గీత ఇది: మీరు రాయని ఎస్‌ఎమ్ఎస్ గేట్‌వే, పేమెంట్ సర్వీసు లాంటివాటికి నకిలీ పెట్టండి. మీ క్వెరీలు నడిచే డేటాబేస్‌కు మాత్రం నిజమైనదే ఉండాలి, కస్టమర్ దగ్గరున్న వెర్షనే ఉండాలి. నకిలీ వాడినచోట వారానికొకసారి అసలు సర్వీసుతో ఒకటి రెండు టెస్టులు విడిగా నడపండి, వాళ్లు జవాబు ఆకారం మార్చారేమో తెలుస్తుంది.

కంటెయినర్

నిజమైన డేటాబేస్ అనగానే డాకర్. ఒక ప్రోగ్రామును దానికి కావాల్సినవన్నీ కలిపి, కంటెయినర్ అనే విడి డబ్బాలో నడిపే టూలు ఇది. టెస్ట్‌కంటెయినర్స్ లాంటి లైబ్రరీ అయితే టెస్టే స్వయంగా మైఎస్‌క్యూఎల్‌ను లేపి, అయ్యాక తీసేస్తుంది. మేం పెట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. పాత డేటా మిగిలి టెస్టులు పడడం అనేది ఆ రోజుతో పోయింది. ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు మాత్రం కొంచెం తిట్టుకుంటారు.

ఇందులో గుంతలున్నాయి. ఇమేజ్‌కు (కంటెయినర్ తయారయ్యే అచ్చుకు) లేటెస్ట్ అని రాస్తే ఎన్విరాన్‌మెంట్ మీ చేతిలోంచి పోయినట్టే, వెర్షన్ నంబరు రాయండి. కంటెయినర్లను కలిపి లేపే కంపోజ్ ఫైల్లో 'దీని తర్వాత అది' అని మాత్రమే రాస్తే కంటెయినర్ మొదలవడం వరకే చూస్తుంది, డేటాబేస్ లోపల సిద్ధమైందో లేదో చూడదు. దానికి హెల్త్‌చెక్ షరతు విడిగా పెట్టాలి. డాకర్‌లో క్రోమ్ టెస్టులు కారణం లేకుండా కూలిపోతుంటే షేర్డ్ మెమరీ చూడండి, డిఫాల్ట్‌గా ఇచ్చేది 64 ఎంబీయే. బిల్లు స్క్రీన్‌షాట్‌లో తెలుగు బదులు ఖాళీ డబ్బాలు వస్తే ఇమేజ్‌లో తెలుగు ఫాంట్ లేదని అర్థం, నోటో ఫాంట్లు వేయండి. టైమ్‌జోన్ విషయంలో కంటెయినర్‌ను కోల్‌కతాకు మార్చేసి ఊరుకోవాలని అనిపిస్తుంది. మేం కూడా మార్చబోయాం. మార్చి ఉంటే సీఐ పచ్చగా ఉండేది, మండీలో బిల్లులు మాయమవుతూనే ఉండేవి.

అయితే మీ టెస్టులకు డేటాబేసే లేకపోతే, పడేవి రెండు తారీకు టెస్టులే అయితే, కంటెయినర్ జోలికి పోవద్దు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు.

ఆఫీసు మూల పీసీనా, అద్దె రన్నరా

మా దగ్గర మొదట ఆఫీసు మూలన ఒక పాత డెస్క్‌టాప్ ఉండేది, దాంట్లో జెంకిన్స్ అనే సీఐ సాఫ్ట్‌వేర్. పైసా ఖర్చు లేదని మురిసిపోయాం. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే ఇన్వర్టర్ పీసీని పట్టుకునేది గానీ రూటర్‌ను పట్టుకునేది కాదు. ఎందుకంటే దాని ప్లగ్గు వేరే బోర్డులో ఉంది, అది కనిపెట్టడానికే వారం పట్టింది. నెట్ అవసరమైన టెస్టులన్నీ ఆ నాలుగు నిమిషాల్లో పడేవి. దానికితోడు డిస్కు నిండడం, నిన్న సగంలో ఆగిన రన్ తాలూకు ఫైళ్లు మిగలడం.

కోడు దాచుకునే గిట్‌హబ్ లాంటి చోట అద్దె రన్నర్లు (టెస్టులు నడిపే మెషీన్లు) ప్రతి రన్‌కూ కొత్త మెషీన్ ఇస్తాయి. ప్రైవేట్ కోడుకు ఉచిత ప్లాన్‌లో నెలకు 2,000 నిమిషాలు. ఐదుగురి టీమ్‌కు, రన్‌కు ఆరు నిమిషాలైతే, నెలకు మూడు వందలకు పైగా రన్‌లు, మాకు సరిపోతున్నాయి. మెషీన్ కొత్తదైతే మాత్రం ఎప్పటికీ ఒకేలా ఉంటుందని కాదు. ఆ మెషీన్లలోని లినక్స్‌కు వాడే ఉబుంటు లేటెస్ట్ అన్న పేరు 22.04 నుంచి 24.04కు మారినప్పుడు చాలామంది బిల్డులు పడ్డాయి. ఇక్కడ కూడా నంబరే రాయండి. లైబ్రరీల వెర్షన్లను బిగించే లాక్ ఫైలు కమిట్ చేసి, జావాస్క్రిప్ట్ అయితే సీఐలో 'ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్' బదులు, లాక్ ఫైల్లో ఉన్నవే వేసే 'ఎన్‌పీఎమ్ సీఐ' వాడండి.

సొంత మెషీన్ ఎప్పుడు మేలంటే, థర్మల్ ప్రింటరో, కాటానో తగిలించి టెస్టు చేయాల్సి వస్తే. మాకు అలాంటివి పదకొండు టెస్టులున్నాయి. అవి మాత్రం ఆ మూల పీసీలోనే, రోజుకొకసారి నడుస్తాయి. మెర్జ్‌ను ఆపవు. రూటర్ ప్లగ్గు మార్చాం.

మరి దేనితో మొదలుపెట్టాలి

ఒక్కరే చేసుకునే ప్రాజెక్టయితే, కాలేజీ ప్రాజెక్టయితే, లాగ్‌లో ఆ ప్రింట్లు, క్లాక్, ఎన్‌కోడింగ్, లాక్ ఫైలు చాలు. జేఎన్‌టీయూ పిల్లలు అడిగితే నేను ఇదే చెబుతాను, డాకర్ మోజు తర్వాత. మాలాంటి చిన్న టీమ్ అయితే వీటితోపాటు అద్దె రన్నర్, డేటాబేస్‌కు కంటెయినర్. కస్టమర్ దగ్గర విండోస్ ఉంటే సీఐలో ఒక విండోస్ రన్ కూడా, రోజుకొకటైనా. పడేవి బ్రౌజర్ టెస్టులే అయితే ముందు డ్రైవర్ (టెస్టును బ్రౌజర్‌తో కలిపేది) వెర్షన్ చూడండి: బ్రౌజర్ టెస్టుల టూళ్లలో సెలీనియం 4.6 నుంచి సరిపడే డ్రైవర్‌ను అదే తెచ్చుకుంటుంది, ప్లేరైట్ తనకు కావాల్సిన బ్రౌజర్‌ను తనే వెంటేసుకొస్తుంది. సగం గొడవ అక్కడే తీరుతుంది.

ఇవన్నీ అయ్యాక ఇంకొక పని చేశాం, దీన్ని ఎవరూ పెద్దగా చేయరు. రోజూ రాత్రి ఒక రన్‌లో కావాలనే టైమ్‌జోన్ మార్చి, టెస్టుల వరుస కలగాపులగం చేసి నడుపుతున్నాం. మొదటి రాత్రే పద్నాలుగు పడ్డాయి. అందులో తొమ్మిది ఒకదాని డేటా మీద ఇంకొకటి ఆధారపడినవి. మిగతా ఐదింటిలో రెండు నిజమైన బగ్గులు.

రీట్రై ఇప్పుడు ఒక్క టెస్టుకే మిగిలింది, వారానికొకసారి అసలు ఎస్‌ఎమ్ఎస్ గేట్‌వేతో మాట్లాడేదానికి. నాలుగింటికి లేచే కుర్రాడు దాని జాబితా చూస్తాడు. మొన్న అది రెండోసారికి పాసైతే, నన్ను లేపడానికి తెల్లవారుజామునే ఫోను చేశాడు.